రిచర్డ్ హామింగు
రిచర్డ్ హామింగు 1915లో అమెరికాలోని చికాగోలో జన్మించెను. గణితశాస్త్రమున డాక్టరు పట్టమునొంది, 1946లో బెల్ పరిశోధనాలయమున చేరెను. అచ్చటి గణనయంత్రము శని, ఆదివారములలో మనుష్యుల కావలి లేకయే పనిచేసెడిది. దోషము కనబడినచో ఆ లెక్కను విడిచి వేఱొకదాని నందుకొనెడిది. వరుసగా రెండు వారములు హామింగు లెక్కలకు ఆ గతియే పట్టెను.

తప్పును కనుగొనగల యంత్రము దాని స్థానమును గుర్తించి ఏల దిద్దుకొనరాదని ఆయన యోచించెను. ఒకటి, సున్నలతో వ్రాసిన నాలుగంకెలకు మూడు తనిఖీ అంకెలను చేర్చి, మాఱిన అంకె యేదో తెలుపు పద్ధతిని 1950లో ప్రకటించెను. 1968లో ట్యూరింగు బహుమానము నందెను, 1998లో మరణించెను.

నేడు పెక్కు సర్వరు కంప్యూటర్ల మెమరీలో 64 అంకెలకు 8 తనిఖీ అంకెలుండును. వేగము స్వల్పముగ తగ్గినను, ఒక అంకె మాఱినచో యంత్రము తానే దిద్దుకొనును.