కాలిపోయినా మళ్లీ రాశారు

మీ పాప నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకుతో చుట్టిన కామాలు చూసి, ఇంత చిన్న గుర్తుకి మార్కులు తగ్గించాలా అని మీకూ అనిపించే ఉంటుంది. అయితే బెన్ జాన్సన్ గురించి వినండి. షేక్‌స్పియర్ కాలపు నాటక రచయిత ఆయన. డిక్షనరీ రాసిన శామ్యూల్ జాన్సన్ వేరు.

పుట్టింది 1572లో, అప్పటికే తండ్రి లేరు. మారుతండ్రి తాపీమేస్త్రీ. ఓ స్నేహితుడి సాయంతో లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ స్కూల్లో చదివినా, తర్వాత ఇటుకలు పేర్చక తప్పలేదు. 1598లో కత్తుల పోరులో ఒక నటుణ్ణి చంపారు. ఉరి పడాల్సిందే! కానీ లాటిన్ చదవగలిగినవారికి అప్పటి చట్టంలో మినహాయింపు ఉండేది. చదివి బతికిపోయారు, బొటనవేలి మీద వాత మాత్రం మిగిలింది.

1623లో మంటలు లేచి, ఆయన రాసుకున్న ఇంగ్లిష్ గ్రామర్ బూడిదైంది. యాభై దాటిన మనిషి, మళ్లీ మొదటి నుంచి రాశారు. 1637లో కన్నుమూశారు, పుస్తకం 1640లో అచ్చయింది. అందులో చివరి అధ్యాయం విరామ చిహ్నాల గురించే. ఆయన లెక్క ఊపిరితో: కామా దగ్గర చిన్న ఊపిరి, సెమీకోలన్ దగ్గర ఇంకాస్త పెద్దది.

నేటి నియమాలు ఊపిరితోనే తేలవు, కర్తకీ క్రియకీ మధ్య ఎంత ఆగినా కామా రాదు. అయినా పాప రాసిన పేరా ఒకటి ఈ ఆదివారం పైకి చదివించండి. ఫుల్‌స్టాప్ మరిచిన చోటు తనకే దొరుకుతుంది.

అన్నట్టు, జాన్సన్ సంతకంలో కూడా బెన్ తర్వాత ఒక కోలన్ ఉండేది.