నారాయణగూడలో తెలుగు బడి పెట్టిన వకీలు గారు



దసరా సెలవుల తర్వాత బడి మళ్లీ గాడిన పడింది. హాఫ్ ఇయర్లీ పేపర్లు దిద్ది ఇచ్చేశాం. చాలావరకు మీ సంతకాలతో తిరిగి వచ్చాయి. పొద్దున అసెంబ్లీలో స్వెట్టర్లు కనపడుతున్నాయి. నవంబరు సంచికలో ఏటా బాలల దినోత్సవం గురించి, నెహ్రూ గారి గురించి రాస్తాం. ఈసారి నెహ్రూ గారిని ఇంగ్లిష్ పేజీలకు వదిలి, తెలుగు పేజీల్లో మన వీధి పక్క మనిషి గురించి రాస్తానని అడిగాను. సరేనన్నారు.

దీనికి సగం కారణం పోయిన పేరెంట్స్ మీటింగ్. ఒక అమ్మగారు నా ఎదుట కూర్చుని, పాప మార్కులు చూడకముందే, తనకు ఇంగ్లిష్ రాదు, ఏమీ అనుకోవద్దన్నారు. తర్వాత పది నిమిషాల పాటు చక్కటి తెలుగులో, ఈ టర్మంతా నేను గమనించని సంగతులు చెప్పారు. పాప స్పెల్లింగులు ఎలా చదువుతుందో, ఏ ప్రశ్న దగ్గర ఏడుస్తుందో, క్లాసులో చెయ్యి ఎందుకు ఎత్తదో. అలాంటి మనిషి ముందుగా క్షమాపణ ఎందుకు చెప్పారో అర్థం కాలేదని రాస్తే అబద్ధమవుతుంది. నేను చదువుకున్న బడిలో తెలుగు మాట్లాడితే రూపాయి ఫైన్ ఉండేది. ఇప్పుడు నేను ఇంగ్లిష్ టీచర్ని. ఫైన్ వెయ్యను కానీ, నా పీరియడ్‌లో తెలుగు వినపడితే కళ్లు పెద్దవి చేస్తాను. మీ పిల్లలు చెప్పే ఉంటారు.

మిగతా సగం కారణం నా రూమ్మేట్. అశోక్‌నగర్‌లో హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ షాపులు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆమె గ్రూప్స్‌కి చదువుతోంది, పగలంతా సిటీ సెంట్రల్ లైబ్రరీలోనే. రాత్రి నన్ను పుస్తకం పట్టుకోమని బిట్లు అడిగించుకుంటుంది. హైదరాబాద్ మొదటి మేయర్ ఎవరు? సిరిసిల్ల ఆంధ్ర మహాసభ అధ్యక్షుడు ఎవరు? రెండింటికీ ఒకటే జవాబు, మాడపాటి హనుమంతరావు. పరీక్షకు అంత చాలు. కానీ ఆ పేరే నేను నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడి బోర్డు మీద చూస్తుంటాను. మేయర్ పేరు బడికి పెట్టడం మామూలే కదా అనుకునేదాన్ని. అసలు సంగతి తలకిందులు. బడి ముందు, మేయర్ పదవి చాలా తర్వాత.

మాడపాటి వారు 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. మేనమామల ఇంట సూర్యాపేటలో పెరిగారు. సూర్యాపేట నిజాం రాజ్యంలోది. అక్కడ బడి చదువంటే ఉర్దూ. పారసీ వస్తే ఇంకా గౌరవం. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. మన పిల్లల పరిస్థితి లాంటిదే, భాష ఒక్కటే వేరు. ఆయన ఉర్దూను బాగా నేర్చుకున్నారు. పారసీ, ఇంగ్లిష్ కూడా వచ్చాయి. హనుమకొండలో విద్యాశాఖలో చిన్న ఉద్యోగం చేశారు, తర్వాత హైదరాబాదు వచ్చి ప్రభుత్వంలో అనువాదకుడిగా పనిచేశారు, ఆ పైన న్యాయ పరీక్ష ప్యాసై వకీలు అయ్యారు. కోర్టు భాష ఉర్దూయే కాబట్టి ఆయనకు అడ్డేమీ లేదు. మధ్యలో కథలు రాశారు. ప్రేమ్‌చంద్ కథలను తెలుగులోకి తెచ్చిన తొలివారిలో ఆయన ఒకరు. ఉర్దూ మీద కోపంతో తెలుగు పట్టుకున్న మనిషి కాదన్న సంగతి ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. ఉర్దూ పత్రికల్లో ఉర్దూలోనే తెలుగువారి కష్టాలు రాసిన మనిషి.

అప్పటి హైదరాబాదు రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు. అయినా నగరంలో తెలుగుకు మర్యాద తక్కువ. 1901లో కొందరు పెద్దలు రాంకోటిలో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టారు. తర్వాత అది సుల్తాన్‌బజారులో సొంత ఇల్లు కట్టుకుంది. (ఆ రోజుల్లో ఆంధ్ర అంటే తెలుగు అనే అర్థం. రాష్ట్రం పేరు కాదు. పిల్లలు అడిగితే ఇది చెప్పండి, లేకపోతే మ్యాపు తెచ్చి వాదిస్తారు.) నగరంలో తెలుగు పుస్తకం దొరికే చోటు అది. మాడపాటి వారు అక్కడికి రాకపోకలు సాగించే మనిషే.

ఇక 1921 నవంబరు. కోఠి దగ్గరి వివేకవర్ధినిలో సంఘ సంస్కార సభ జరిగింది. అధ్యక్షులు మహర్షి కార్వే. భర్త పోయిన ఆడపిల్లలకు పూనా దగ్గర బడి పెట్టి, 1916లో మహిళల కోసమే ఒక విశ్వవిద్యాలయం తెరిచిన పెద్దమనిషి. సభలో ఒకరి తర్వాత ఒకరు మరాఠీలో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో మాట్లాడారు. అందరూ విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టారు. సభలో గోల, నవ్వులు, చప్పట్లతో ఎగతాళి. ఆయన మాట ముందుకు సాగలేదు. స్త్రీల బాగు గురించి, సంఘం బాగు గురించి మాట్లాడుకోవడానికి చేరిన చదువుకున్న జనమే ఆ నవ్విన జనం. ఆ సభలో ఉన్న తెలుగువాళ్లు కొందరు బయటికి వచ్చి టేకుమాల రంగారావు గారి ఇంట్లో కూర్చున్నారు. వాళ్లలో మాడపాటి ఒకరు. ఆంధ్ర జన సంఘం అక్కడ పుట్టింది.

ఈ ఘట్టాన్ని గైడు పుస్తకాల్లో రెండు లైన్లలో తేలుస్తారు. నాకు మాత్రం క్లాసురూమే కళ్లముందు కనపడుతుంది. లేచి నిలబడి నోరు తెరిచిన పిల్లవాడు, వెనక బెంచీలో నవ్వు, కూర్చుండిపోయిన పిల్లవాడు. ఆ పిల్లవాడు మళ్లీ ఎప్పుడు లేస్తాడో ఏ టీచర్నైనా అడగండి. ఇక్కడ లేచింది చదువుకున్న వకీలు, తోడుగా ఇంకొందరు వకీళ్లు ఉన్నారు కాబట్టి సంఘం పుట్టింది.

సంఘం పనులు చాలా ఉన్నాయి. వెట్టిచాకిరి మీద పోరాటం, ఊళ్లలో గ్రంథాలయాలు, చిన్న చిన్న పుస్తకాలు అచ్చువేసి పంచడం. మాడపాటి వారిది అరిచే పద్ధతి కాదు. చట్టం చదివి, అర్జీ రాసి, ఉన్న ఫర్మానాను చూపించి ఎందుకు అమలు కాలేదని అడిగే పద్ధతి. సభ పెట్టాలంటే ప్రభుత్వ అనుమతి, ప్రైవేటు బడి పెట్టాలన్నా అనుమతి కావలసిన రోజులు. తర్వాతి తరం యువకులకు ఈ నెమ్మది నచ్చలేదు. మెతక మనిషి అన్నారు. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభకు, 1935లో సిరిసిల్లలో ఆయనే అధ్యక్షులు. 1940ల్లో అదే మహాసభ అతివాదులు, మితవాదులుగా చీలిపోయింది. ఆయన మితవాదుల వైపే ఉన్నారు. భూమి కోసం ప్రాణాలిచ్చిన వాళ్ల పక్కన పెట్టి చూస్తే ఆయన అర్జీలు చప్పగా కనిపించవచ్చు, ఆ విమర్శలో పస లేకపోలేదు. కానీ ఆడపిల్లల బడి విషయానికి వస్తే, అర్జీలు రాసే ఓపిక లేనివాడు దాన్ని నడిపించగలిగేవాడా అని నాకు సందేహం.

1928లో నారాయణగూడలో ఆంధ్ర బాలికల పాఠశాల మొదలైంది. అప్పుడు నగరంలో ఆడపిల్లకు చదువు ఉందా అంటే ఉంది. కలవారి పిల్లలకు 1907 నుంచే మహబూబియా బాలికల పాఠశాల, ఇంగ్లిష్ మీడియం. సర్కారు బడిలో ఉర్దూ మీడియం. తెలుగు ఇంటి ఆడపిల్లకు ఈ రెండూ పరాయి భాషలే. మగపిల్లవాడైతే ఉద్యోగం కోసం ఉర్దూ నేర్చుకుంటాడు, మాడపాటి వారు నేర్చుకోలేదా? ఆడపిల్లకు ఉద్యోగం ఎలాగూ లేదు కాబట్టి ఆ కష్టం ఎందుకని ఇంట్లోనే ఉంచేవారు. భాష తెలియక బడికి పోలేదు, బడికి పోక చదువు రాలేదు. ఈ ముడిని విప్పాలంటే ఆ పిల్లకు అర్థమయ్యే భాషలో బడి ఉండాలి.

బడి పెట్టడం కన్నా పరీక్ష పెట్టించడం కష్టమైంది. మీలో బోర్డు అఫిలియేషన్ గురించి అడ్మిషన్ రోజున అడిగేవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. దేశభాషలో పై చదువులు చెప్పిన గొప్ప విశ్వవిద్యాలయమే, కానీ దానికి దేశభాష అంటే ఉర్దూ. తెలుగులో చదివిన పిల్ల పై తరగతులకు వచ్చేసరికి రాయడానికి పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ రాని బడికి ఎవరు పంపుతారు?

దారి పూనా నుంచి వచ్చింది. కార్వే గారి మహిళా విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలు తమ మాతృభాషలోనే చదివి పరీక్ష రాయవచ్చు, ఇంగ్లిష్ ఒక సబ్జెక్టుగా ఉంటుంది. నారాయణగూడ బడి ఆ విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది. ఎవరి అధ్యక్షతన జరిగిన సభలో తెలుగు మాటకు నవ్వారో, ఆ పెద్దమనిషి విశ్వవిద్యాలయమే ఇక్కడి తెలుగు ఆడపిల్లల జవాబు పత్రాలు దిద్దింది. తెలుగులో రాసిన పేపర్లు. ఆ నవ్వులో కార్వే గారి ప్రమేయం ఏమీ లేదనుకోండి. అయినా ఈ సంగతి తెలిసిన రోజు నేను నా రూమ్మేట్‌ని నిద్ర లేపి మరీ చెప్పాను. అది సిలబస్‌లో ఉందా అని అడిగి పడుకుంది.

ఇక్కడ ఒక మాట. ఆ బడి ఇంగ్లిష్‌ను తోసేసిన బడి కాదు. పరీక్షలో ఇంగ్లిష్ ఉంది, పిల్లలు నేర్చుకున్నారు. లెక్కలు, చరిత్ర తెలుగులో అర్థం చేసుకుంటూ ఇంగ్లిష్‌ను ఇంగ్లిష్‌గా నేర్చుకున్నారు. ఇంగ్లిష్ టీచర్‌గా నాకు ఆ ఏర్పాటు మీద కొంచెం అసూయ కూడా ఉంది. మా ఏడో తరగతిలో ఒక పిల్లకు లెక్క రాకపోతే, అది లెక్క రాకా లేక ప్రశ్నలోని ఇంగ్లిష్ అర్థం కాకా అని కనిపెట్టడానికే నాకు, లెక్కల టీచర్‌కు సగం టర్మ్ పడుతుంది. అలాగని మన బడి మీడియం మార్చాలని నేను రాయడం లేదు. మీరు ఏ ఆశతో ఇక్కడ చేర్చారో నాకు తెలుసు, నా జీతం కూడా ఆ ఆశ మీదే నడుస్తోంది.

బడి నిలబడింది. చందాలతో, వేళ్ల మీద లెక్కపెట్టదగ్గ పిల్లలతో మొదలయ్యే బడులు రెండో ఏడు దాటడమే కష్టం. ఇది నిజాం పాలనను దాటింది, 1948 దాటింది. 1951లో హైదరాబాదు కార్పొరేషన్‌కు మొదటి మేయర్‌గా మాడపాటి వారు ఎన్నికయ్యేనాటికి బడి వయసు ఇరవై దాటింది. 1954 దాకా మేయర్‌గా ఉన్నారు. 1955లో పద్మభూషణ్ వచ్చింది. 1958 నుంచి 1964 వరకు శాసన మండలి అధ్యక్షులు. తెలంగాణా ఆంధ్రోద్యమము అనే చరిత్ర రెండు భాగాలుగా రాసి అచ్చువేశారు. ఆ రోజుల గురించి రాసేవాళ్లు ఇప్పటికీ ఆ పుస్తకమే తెరుస్తారు. 1970 నవంబరు 11న పోయారు. ఆంధ్ర పితామహుడు అన్నారు ఆయన్ని. ఇప్పటి రాజకీయాల్లో ఆ బిరుదు వింటే కొందరు ఉలిక్కిపడతారు కానీ, పైన బ్రాకెట్లో చెప్పిన అర్థం గుర్తుంటే ఇబ్బంది లేదు.

నారాయణగూడలో ఆ బడి ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. చిక్కడపల్లి వాళ్లకు మెట్రోలో ఒకే ఒక్క స్టేషన్, నడిచినా పెద్ద దూరం కాదు. ఆదివారం పిల్లల్ని తీసుకుని అటు వెళితే బోర్డు చూపించండి. బోర్డు మీది తెలుగును వాళ్ల చేతే చదివించండి, ఎంతసేపు పడుతుందో చూడండి.

చివరగా ప్రాజెక్టు సంగతి. ఆరు, ఏడు తరగతుల పిల్లలు ఇంట్లో అమ్మమ్మనో, నానమ్మనో, పక్కింటి పెద్దావిడనో అడిగి నాలుగు విషయాలు రాసుకురావాలి. ఏ ఊరి బడి, ఎంత దూరం నడిచారు, ఏ భాషలో చదివారు, ఎన్నో క్లాసులో మానేశారు, ఎందుకు మానేశారు. (ఐదు అయ్యాయి. నేను ఇంగ్లిష్ టీచర్ని.) అసలు బడికే పోకపోతే ఆ సంగతే రాయమనండి. దానికి మార్కులు తగ్గవు. నవంబరు 11 లోపు నోట్‌బుక్ పంపండి. అమ్మమ్మ తెలుగులో చెబితే తెలుగులోనే రాయనివ్వండి, నేనే దిద్దుతాను. నాకు ఒత్తులు కొంచెం తడబడతాయి, ఆ మాట మాత్రం పిల్లలకు చెప్పకండి.