మానవ శీలమును పరిశోధించిన గార్డన్ ఆల్‌పోర్టు

ప్రతి సంవత్సరాంతమునను ఉపాధ్యాయులమైన మేము విద్యార్థుల రిపోర్టులలో వారి శీలమును గూర్చి ఒకటి రెండు మాటలు వ్రాయుచుందుము. ఒకనిని శ్రద్ధాళువనియు, ఒకనిని మందుడనియు, వేరొకనిని పెంకివాడనియు వ్రాసి సంతకము చేయుదుము. ఆ యొక్క మాటలో ఒక బాలుడు ఇముడునా యని నిలిచి యోచించినవారము మాలో కొందరమే. ఈ ప్రశ్ననే జీవితమంతయు విచారించిన పండితుడొకడు అమెరికా దేశమున నుండెను. ఆయన చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుపగోరుచున్నాము.

గార్డన్ ఆల్‌పోర్టు 1897వ సంవత్సరము నవంబరు 11వ తేదీన ఇండియానా రాష్ట్రమందలి మాంటెజుమా యను చిన్న యూరిలో జన్మించెను. నలుగురు అన్నదమ్ములలో కడపటివాడు. తండ్రి వైద్యుడు, ఆసుపత్రులు చాలని దినములగుటచే రోగులును, నర్సులును ఆ యింటనే యుండెడివారు. తల్లి పూర్వము బడిలో ఉపాధ్యాయిని, మిక్కిలి దైవభక్తి గలది. సీసాలు కడుగుటయు, రోగులను కనిపెట్టుటయు గార్డనుకు బాల్యముననే అలవడెను. ఆటలయందు అతనికి నేర్పు చాలదు గాని మాటలయందు చురుకు గలదు. పదియేండ్ల ప్రాయమున తోడి బాలుడొకడు, వీడు నిఘంటువును మ్రింగినాడని ఎగతాళి చేసెనట. ఆ ఎగతాళి ఎట్లు ఫలించెనో ముందు చూతము.

1915లో అన్నయగు ఫ్లాయిడు అడుగుజాడలలో హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరెను. మొదటి పరీక్షలలో అన్నియు తక్కువ మార్కులే వచ్చెను. అతడు క్రుంగిపోక శ్రమించి సంవత్సరాంతమునకు ఉత్తమ శ్రేణి నందెను. 1919లో పట్టభద్రుడై, కాన్‌స్టాంటినోపిలులోని రాబర్టు కాలేజియందు ఒక యేడు బోధించెను. 1920లో తిరిగి వచ్చుచు వియన్నాలో సుప్రసిద్ధుడగు ఫ్రాయిడు పండితుని దర్శించెను. ఫ్రాయిడు మాటాడక కూర్చుండగా, ఏమియు తోచక, ట్రాములో తాను చూచిన నాలుగేండ్ల బాలుని ముచ్చట చెప్పెను. ఆ బాలునికి మురికి యన్న మహాభయము. అంతయు విని ఫ్రాయిడు, ఆ బాలుడవు నీవేనా యని అడిగెను. ఆల్‌పోర్టు నిశ్చేష్టుడయ్యెను. మనస్సు లోతులను త్రవ్వుటకు ముందు పైకి కనబడు ఉద్దేశములను చూడవలెనని అతడు గ్రహించెను.

శీలలక్షణములను గూర్చిన పరిశోధనతో అతడు 1922లో డాక్టరు పట్టము పొందెను. ఆ యేటనే టిచ్చెనరను మహా పండితుని సభలో మూడు నిమిషములు తన పరిశోధనను వివరింపగా, సభ యంతయు నిశ్శబ్దమయ్యెను. టిచ్చెనరు తీక్ష్ణముగా చూచెను. గురువగు లాంగ్‌ఫెల్డు, ఆయన యభిప్రాయముతో నీకు పనిలేదని ధైర్యము చెప్పెను. ఆ యొక్క మాట శిష్యుని నిలబెట్టెను. 1924లో హార్వర్డులో వ్యక్తిత్వమును గూర్చి తరగతి ప్రారంభించెను. అమెరికాలో అట్టి తొలి తరగతులలో అది యొకటి.

1936లో ఆల్‌పోర్టును, ఆడ్‌బర్టును కలిసి పెద్ద ఆంగ్ల నిఘంటువు నంతయు గాలించి, మనుష్యుల స్వభావాదులను తెలుపు 17,953 మాటలను పోగుచేసిరి. వానిలో స్థిరమైన లక్షణములను తెలుపునవి సుమారు 4,500. నిఘంటువును మ్రింగినాడన్న మాట ఈ విధముగా నిజమయ్యెను! 1937లో ప్రకటించిన గ్రంథమున లక్షణములను మూడు తెగలుగా చెప్పెను: జీవితమంతటిని ఏలునది యొకటి, ఇది అరుదు, యోగ్యతాపత్రములో వ్రాయదగిన ప్రధానములు కొన్ని, అప్పుడప్పుడు మాత్రమే కనబడునవి పెక్కు.

అంతకు ముందే హార్ట్‌షార్న్, మే యను పండితులు వేలకొలది పిల్లలను పరీక్షించి, ఒకచోట మోసగించు బాలుడు వేరొకచోట నిజాయితీగా నుండుననియు, కావున నిజాయితీ యను స్థిర లక్షణము లేదనియు తలచిరి. ఆల్‌పోర్టు దీని నంగీకరింపలేదు. ఒకడు తోడివారి మెప్పుకై మిఠాయి కొనుటకు కాసులు దొంగిలించును. ఒకడు పనిముట్లపై మోజుచే దొంగిలించును. ఒకడు భయముచే అబద్ధమాడును; ఒకడు తాను ప్రేమించు ఉపాధ్యాయుని మనస్సు నొప్పింపజాలక అబద్ధమాడును. తప్పు ఒక్కటే, లక్షణములు వేరు. వారినందరిని ఒకే పేరుతో పిలుచుట న్యాయమా?

ఆ పదముల పట్టికనుండియే బయలుదేరి, కాటెలు లక్షణములను 16గా కుదించి 1949లో పరీక్షాపత్రమును సిద్ధపరచెను. 1961లో ట్యూప్స్, క్రిస్టలులు అయిదింటిని కనుగొనిరి. బహిర్ముఖత, సౌమ్యత, కర్తవ్యనిష్ఠ, ఉద్వేగ చాంచల్యము, నూతన విషయాసక్తి యని నేడు చెప్పుచున్నవి ఈ త్రోవలో వచ్చినవే. 1968లో మిషెలు పరిస్థితుల బలమును చూపి ఈ సిద్ధాంతమును తీవ్రముగా విమర్శించెను. ఆ వాదము శాస్త్రమునకు మేలే చేసెను. ఆల్‌పోర్టు మాత్రము, లెక్కలలో ఒక్కొక్క మనుష్యుని ప్రత్యేకత మరుగుపడరాదని తుదివరకు హెచ్చరించెను. జాతులపై ముందే ముద్రవేయు దురభిప్రాయమును గూర్చి 1954లో ఆయన వ్రాసిన గ్రంథము సుప్రసిద్ధము.

1963లో 55 మంది పూర్వ శిష్యులు తమ రచనలను రెండు సంపుటములుగా కూర్చి, తమ ప్రత్యేకతను గౌరవించినందుకు కృతజ్ఞతగా గురువునకు సమర్పించిరి. దీనినే ఆయన అన్ని గౌరవములకంటె మిన్నగా నెంచెను. 1967 అక్టోబరు 9న పరలోకగతుడయ్యెను.

ప్రియ విద్యార్థులారా, తోటివానికి పేరు పెట్టుటకు ముందు ఆ తప్పు వెనుక నున్న కారణమును విచారింపుడు. మేమును ఈ యేడు రిపోర్టులపై కలము పెట్టునపుడు ఒక్క నిమిషము ఆగెదము.