మనుమల మాటకు లొంగిన మహాకవి

చక్రవర్తిని ధిక్కరించి పందొమ్మిది సంవత్సరములు ప్రవాసమున గడపిన ధీరుడు ఇద్దరు పసివారి మాటకు లొంగిపోవుట ఫ్రెంచి సాహిత్య చరిత్రలో ఒక మనోహర ఘట్టము. ఆ ధీరుడు విక్టర్ హ్యూగో.

1802లో జన్మించిన హ్యూగో కవిగా, నాటకకర్తగా, నవలాకారుడుగా అసమాన కీర్తి నార్జించెను. 1862లో వెలువడిన ఆయన మహానవల ఆధారముగనే 1950లో తెలుగున ‘బీదలపాట్లు’ చలనచిత్రము వచ్చినది. కాని విధి ఆయనకు కీర్తి నిచ్చినంత ఉదారముగా సంతానసుఖము నీయలేదు. 1843లో పందొమ్మిదేండ్ల పెద్దకుమార్తె లియోపోల్దీన్, పడవ తలక్రిందులై, సేన్ నదిలో మునిగి మరణించెను. 1851లో లూయీ నెపోలియన్ బలప్రయోగముతో అధికారమును చేజిక్కించుకొనగా, హ్యూగో ఎదిరించి దేశము విడిచెను. 1868లో భార్యయు, ఏడాది నిండిన తొలి మనుమడును కన్నుమూసిరి. ఆ యేడే పెద్దకుమారుడు చార్లెస్‌కు మరల కుమారుడు పుట్టగా, పోయిన బిడ్డ పేరే పెట్టి జార్జి అని పిలిచిరి. మరుసటి యేడు జాన్ అను బాలిక జన్మించెను.

1871 మార్చిలో చార్లెస్ హఠాత్తుగా మరణించెను. తండ్రిలేని ఆ పసివారికి తాతయే దిక్కయ్యెను. ఆ మే నెలలో, పారిస్ తిరుగుబాటులో ఓడి పారిపోవు వారికి తన యింట ఆశ్రయ మిత్తునని హ్యూగో బ్రస్సెల్స్ నగరమున ప్రకటించెను. ఆగ్రహించిన కొందరు రాత్రివేళ ఆయింటిపై రాళ్లు రువ్విరి. పిల్లలిద్దరును ఆ లోపలనే యుండిరి. 1872లో చిన్నకుమార్తె మతి చలించి చికిత్సాలయము చేరెను. 1873లో రెండవ కుమారుడును గతించెను.

ఇంతటి శోకము నడుమ వృద్ధకవిని నిలిపినది ఆ చిన్నారుల నవ్వే. వారికై బొమ్మలు గీసెను. వారితో కూడి పారిస్‌లోని వృక్షోద్యానమున మృగములను చూచి మురిసెను. 1877లో ‘తాతగా ఉండు కళ’ అను అర్థము గల పేరుతో కవితాసంపుటిని ప్రకటించెను. అందొక ఘట్టమున, తప్పుచేసిన జాన్‌ను చీకటిగదిలో ఉంచి వట్టిరొట్టె యిత్తురు. తాత రహస్యముగా పండ్లమురబ్బా అందించును. ఇంటిక్రమము చెడుచున్నదని పెద్దలు మందలింపగా, నేరము తనదేనని ఒప్పుకొని, తనకును అదే శిక్ష విధింపుమనును. అప్పుడు ఆ చీకటిమూలనుండి జాన్, తాతకు తానే మురబ్బా తెచ్చియిత్తునని మెల్లగా చెప్పును. దండనము నేర్పలేని దయాగుణమును ఆ చిన్ని అపరాధము నేర్పినది.

1881 ఫిబ్రవరిలో, ఎనుబదవ యేట అడుగిడిన కవికి లక్షలాది ప్రజలు ఆయన యింటి ముందు నడచి జేజేలు పలికిరి. కిటికీయొద్ద నిలిచిన ఆయన కిరువైపుల జార్జి, జాన్ నిలిచియుండిరి. 1885 మే 22న హ్యూగో పరమపదించెను. ఆయన కోరికపై భౌతికకాయమును బీదల శవవాహనముననే తరలించిరి. రాచమర్యాదల నడుమ, అపార జనసముద్రము చూచుచుండగా, ఆ బీదబండి వెనుక పదునారేండ్ల జార్జి నడచెను. కుమారులు నడువవలసిన చోట మనుమడు నడచెను.