స్వపక్షమునకు ధర్మము చెప్పిన బిషప్ జార్జి బెల్

భారతమున సౌప్తికపర్వము చదువునపుడు ఆగి ఆలోచింపవలసిన ఘట్టమొకటి కలదు. దుర్యోధనుడు తొడలు విరిగి నేలపై పడియున్నాడు. అశ్వత్థామ మఱ్ఱిచెట్టు క్రింద కూర్చుండి, నిద్రించు కాకులను గుడ్లగూబ చంపుట కన్నులార చూచి, తానును నిద్రించు పాండవశిబిరముపై బడ నిశ్చయించెను. అప్పుడు మేనమామయగు కృపాచార్యుడు, నిదురించువారిని, ఆయుధము విడిచినవారిని వధించుట ధర్మము కాదని, తెల్లవారిన పిదప ఎదుట నిలిచి పోరుదమని ఎన్నో విధముల చెప్పి చూచెను. పాఠశాలలో ఈ భాగము చెప్పునపుడు మా గురువుగారు పుస్తకము మూసి కొంతసేపు మిన్నకుండెడివారు. శత్రువు చేసిన అధర్మమును ఎంచుటకు పాండిత్యమక్కఱలేదనియు, మనవాడు చేయబోవు అధర్మమును మనవాని ముఖముననే చెప్పుట ఎట్లో నేర్చుకొనుడనియు వారి అభిప్రాయము. ఆ మాట అప్పుడు నాకు పూర్తిగ బోధపడలేదు. పిమ్మట చాలకాలమునకు ఆంగ్లదేశపు క్రైస్తవాచార్యుడొకని చరిత్ర చదివినపుడు బోధపడినది.

ఈ పత్రికయందు క్రైస్తవ మతాచార్యుని చరిత్రమేలయని కొందఱు పాఠకులు అనుకొనవచ్చును. మాంసము విక్రయించి జీవించు ధర్మవ్యాధుని గుమ్మమున నిలిచి కౌశికుడను బ్రాహ్మణుడు ధర్మము వినెనని మన ఇతిహాసమే చెప్పుచున్నది. కనుక ఆ శంకకు ఇంతకంటె సమాధానమక్కఱలేదు.

జార్జి బెల్ 1883వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీన ఆంగ్లదేశపు దక్షిణతీరముననున్న హేలింగ్ ద్వీపమున జన్మించెను. తండ్రి ఆ గ్రామమున చర్చి గురువు. బెల్ ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదివి, అచట కవిత్వమునకిచ్చు బహుమానమును గూడ పొందెను. 1907లో గురుత్వదీక్ష నొంది, లీడ్స్ నగరమున కర్మాగారముల నడుమ కూలివారు నివసించు పేటలో పనిచేసెను. 1914 మొదలు పదేండ్లు కాంటర్‌బరీ ప్రధానాచార్యుడైన రాండల్ డేవిడ్‌సన్ కడ కార్యదర్శివలె మెలగెను. ఆ యేండ్లలోనే ప్రథమ ప్రపంచయుద్ధము జరిగినది. అందు 1918లో ఆయన సోదరులిద్దఱు మరణించిరి. ఈ సంగతి పాఠకులు మనసున నుంచుకొనవలెను. జర్మనుల వలన తన ఇంట రెండు ప్రాణములు పోగొట్టుకొన్న వాడే పిమ్మట జర్మను ప్రజల కొఱకు సభలో నిలిచి మాటలాడినాడు.

1924లో కాంటర్‌బరీ దేవాలయమునకు డీనుగను, 1929లో చిచెస్టర్ బిషప్పుగను ఆయన నియుక్తుడయ్యెను. 1931లో మన గాంధీమహాత్ముడు రౌండ్ టేబుల్ సమావేశమునకు లండను వెళ్లినపుడు, అక్టోబరు నెలలో చిచెస్టరు పోయి ఈ బిషప్పు ఇంట అతిథిగ నుండెను.

ఇక సభాసంగతి. ఆంగ్లదేశపు పార్లమెంటున రెండు సభలుండుట అందఱెఱిగినదే. అందు ప్రభువుల సభలో ఆ దేశపు అధికార చర్చికి చెందిన ఆచార్యులు 26 మంది తమ పీఠమును బట్టి సభ్యులగుదురు. కాంటర్‌బరీ, యార్కు, లండను, డర్హము, విన్‌చెస్టరు పీఠములవారికి ఆ స్థానము తక్షణమే లభించును. తక్కినవారు అప్పటి పద్ధతిని బట్టి తమ వంతు వచ్చువఱకు వేచియుండవలసినదే. బెల్ ఎనిమిదేండ్లు వేచి 1937లో సభాప్రవేశము చేసెను. మతాచార్యులు రాజ్యాంగసభలో కూర్చుండుట మంచిదా కాదా అని ఆ దేశమున నేటికిని వాదము నడచుచున్నది. నా మట్టుకు నాకు, వారు అచట కూర్చుండుట కంటె అచట ఏమి పలికిరన్నదే విచారింపదగిన విషయముగ తోచును. ఊరక కూర్చుండినవారు చాలమంది కలరు. భీష్మద్రోణులవంటివారే ద్యూతసభలో ఊరకుండిరి గదా.

బెల్ ఊరకుండలేదు. హిట్లరు పాలనలో యూదులకును, యూదవంశమున పుట్టి క్రైస్తవులైనవారికిని కలిగిన కష్టములు ఆయన 1933 నుండియు ఎఱుగును. డీట్రిక్ బోన్‌హాఫర్ అను యువ జర్మను గురువు ఆ యేడు లండనునకు వచ్చి ఆయనకు ఆప్తుడయ్యెను. శరణార్థులైన గురువులను, వారి కుటుంబములను ఆంగ్లదేశమునకు రప్పించుటకు బెల్ స్వయముగ హామీలిచ్చి పాటుపడెను. 1938లో ప్రభువుల సభలో ఆయన మాటలాడినది శరణార్థుల గుఱించియే. 1940లో యుద్ధభయమున ప్రభుత్వము, హిట్లరు బాధ పడలేక పారివచ్చిన జర్మనులను సైతము శత్రుదేశస్థులని వేలకొలది నిర్బంధించెను. బెల్ లివర్‌పూలు సమీపమునను, మాన్ ద్వీపమునను ఉన్న శిబిరములకు స్వయముగ పోయి, చూచి వచ్చి, ఆగస్టు నెలలో సభలో వారి దుఃస్థితిని నివేదించెను. కంటితో చూడనిదే సభలో పలుకకుండుట ఆయన నియమములలో నొకటిగ కనిపించును. నేడు ఉపన్యాసములు చేయు మావంటివారు గ్రహింపదగిన నియమమే.

1942 వేసవిలో స్వీడను దేశమునకు పోయినపుడు బోన్‌హాఫర్ రహస్యముగ ఆయనను కలిసి, జర్మనీ లోపలనే హిట్లరును కూలద్రోయ యత్నించువారున్నారని చెప్పి వారి నామములను తెలిపెను. బెల్ తిరిగి వచ్చి విదేశాంగమంత్రి ఈడెనునకు అంతయు విన్నవించెను. వారికి ఏ మాటయు ఇచ్చుటకు ప్రభుత్వమంగీకరింపలేదు. అయినను 1943 మార్చి నెలలో ఆయన సభలో, హిట్లరు ప్రభుత్వమును జర్మను ప్రజలను వేఱువేఱుగ చూచుచున్నారా లేదాయని ప్రశ్నించి, వేఱుగనే చూచుచున్నామను సమాధానమును ప్రభుత్వపక్షమునుండి రాబట్టెను.

అంతలో ఆకాశయుద్ధము స్వరూపము మాఱినది. 1940 నవంబరులో జర్మను విమానములు కవెంట్రీ నగరమును దగ్ధము చేసినవి. లండను నెలల తరబడి బాంబుల క్రింద నలిగినది. ఆంగ్లేయులును మొదట కర్మాగారములను, రేవులను, రైలుదారులను లక్ష్యముగ చేసికొనిరి. రాత్రివేళ గుఱి తప్పుచుండుటచే 1942 నుండి నగరములను మొత్తముగ లక్ష్యముచేయు పద్ధతి నవలంబించిరి. 1943 జూలైలో హాంబర్గుపై కొన్ని రాత్రులు పడిన అగ్నిలో ముప్పది వేలకు మించి జనులు మడిసిరి. వీరిలో అధికులు స్త్రీలు, బాలురు, వృద్ధులు. పిమ్మట బెర్లిను వంతు వచ్చినది. దేశమందలి ప్రజలకు మాత్రము సైనికస్థానములపైననే దాడులు జరుగుచున్నట్లు ప్రభుత్వము తెలుపుచుండెను.

బెల్ యుద్ధమే వలదను శాంతివాది కాడు. హిట్లరును ఓడింపవలసినదే యని ఆయన దృఢాభిప్రాయము. అందుచేతనే ఆయన మాటకు బరువెక్కువ. 1944 ఫిబ్రవరి 9వ తేదీన, శత్రునగరములపై బాంబులు వేయు విషయమున ప్రభుత్వవిధానమేమో తెలుపవలసినదని ఆయన ప్రభువుల సభలో అడుగ నిలిచెను. లేవబోవు ముందు ఉల్టన్ ప్రభువను మంత్రి ఆయన చెంతకు వచ్చి, ఈ ప్రసంగము చేయకుండిన బాగుండునని కోరనివాడు ఈ సభలో ఒక్కడును లేడనియు, అయినను గురువుగ తన విధి యని నమ్మియే చేయుచున్నాడని ఎఱుగనివాడును ఒక్కడు లేడనియు మెల్లగ చెప్పెనట. పెద్దమనిషి మాట!

ఆయన వాదము సూక్ష్మమైనది. ముందుగ జర్మనులు చేసిన దురంతములను ఆయన మఱుగుపఱచలేదు. సైనికులపైనను ఆయుధశాలలపైనను దాడి చేయుట న్యాయమే. ఆ దాడిలో ప్రక్కనున్న నిరపరాధులు కొందఱు మరణించుట తప్పనిసరి కావచ్చును. కాని నగరమున ఎచటనో ఆయుధశాలయున్నదని నగరమునంతను భస్మము చేయుట ఆ న్యాయమునకు లోబడదు. చేయుపనికిని, దానివలన సాధించు ఫలమునకును పొంతన యుండవలెను. శతాబ్దముల నాటి గ్రంథాలయములు, కళాఖండములు ఒక్క రాత్రిలో దగ్ధమగుచుండుటను గూడ ఆయన పేర్కొనెను. హిట్లరుది బలమే ధర్మమను మతము. దానిని ఎదిరించుటకు పూనుకొన్నవారు తామే ఆ మతమున గలిసినచో యుద్ధమునకు ప్రయోజనమేమను ప్రశ్న ఆయన ప్రసంగమునకు ప్రాణము.

ప్రభుత్వపక్షమున క్రాన్‌బోర్న్ ప్రభువు సమాధానమిచ్చి, దాడులు సాగుననియే చెప్పెను. ప్రధానాచార్యుడైన విలియం టెంపులు సైతము ఈ విషయమున బెల్‌తో ఏకీభవింపలేదు. పత్రికలు నిందించినవి. బెల్ ఏలు చిచెస్టరులోనే, అంతకు ముందు 1943 సెప్టెంబరున, వైమానికుల స్మరణార్థము జరుగు ఆరాధనకు రాకుండుట మేలని ఆయన దేవాలయపు డీనే ఆయనను కోరెను. తన పీఠముగల గుడిలో తనకే ప్రవేశము కష్టమైనదన్నమాట. యుద్ధమున బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రులకు ఆయన మాటలు ములుకులై తాకియుండును. వారి దుఃఖమును తప్పుపట్టుటకు నాకు నోరు రాదు.

1944 అక్టోబరులో టెంపులు హఠాత్తుగ మరణించెను. కాంటర్‌బరీ పీఠమునకు బెల్ అన్ని విధముల అర్హుడని పలువురు తలచిరి. ఆ నియామకము ప్రధానమంత్రి చర్చిలు సలహాపై జరుగవలసినది. పీఠము జెఫ్రీ ఫిషరునకు లభించినది. ఫిబ్రవరి ప్రసంగమే బెల్‌కు అడ్డుపడినదని చరిత్రకారులలో చాలమంది భావింతురు.

ఇచట కృపాచార్యుని మఱల తలచుకొనక తప్పదు. అంత హితము చెప్పినవాడు, మేనల్లుడు వినకుండుట చూచి, వెంటనే రథమెక్కి ఆతనితో కూడ పోయెను. అశ్వత్థామ లోపల నిద్రించువారిని చంపుచుండగా, కృపుడు కృతవర్మతో కలిసి శిబిరద్వారమున నిలిచి పారిపోవువారిని కూల్చెను. ధర్మమెఱిగిన వాడే! వ్యాసభగవానుడు ఈ విషయమున వ్యాఖ్యానమేమియు చేయక ఉన్నదున్నట్లు చెప్పి విడిచెను. చెప్పినమాట వినలేదు గనుక నా బాధ్యత తీరినదని కృపుడు అనుకొనెనేమో. బెల్ అట్లనుకొనలేదు. ద్వారమున నిలువలేదు. సభలో ఓడిన పిదపను చెప్పిన మాటనే చెప్పుచుండెను.

1945 ఫిబ్రవరి నడుమ డ్రెస్డెన్ నగరమున సుమారు 25,000 మంది మరణించిరి. మార్చి 28వ తేదీన చర్చిలే నగరముల దాడుల విధానమును పునరాలోచింపవలెనని సేనాధిపతులకు వ్రాసెను. అప్పటికి ప్రసంగమై పదమూడు నెలలు దాటినవి. 1977లో జెనీవా ఒడంబడికలకు చేర్చిన నియమములలో, నగరమందలి వేర్వేరు సైనికస్థానములను ఒకే లక్ష్యముగ నెంచి బాంబులు కురియుట నిషేధింపబడినది.

యుద్ధానంతరము ఆయన జర్మనీకి పోయి 1945 అక్టోబరులో స్టట్‌గార్టున అచటి చర్చివారితో సమావేశమయ్యెను. 1948లో ఏర్పడిన ప్రపంచ చర్చిల మండలి కేంద్రసంఘమునకు మొదటి అధ్యక్షుడయ్యెను. అణ్వస్త్రములకును వ్యతిరేకముగ వాదించెను.

మరణించిన 57 ఏండ్లకు, 2015లో, ఆయనపై గురుతరమైన ఆరోపణ యొకటి వెలువడినది. ఒక బాలికయెడ ఆయన అపచారము చేసినట్లు వచ్చిన ఫిర్యాదును చర్చివారు అంగీకరించి క్షమాపణము చెప్పిరి. విచారణపద్ధతి సరిగ లేదనియు, తొందరపడి తీర్మానించిరనియు 2017లో కార్లైల్ ప్రభువు నివేదిక తెలిపెను. 2021లో కాంటర్‌బరీ ప్రధానాచార్యుడు బెల్ విషయమున తాను లోగడ పలికిన మాటలకు క్షమాపణ వేడెను. మహాత్ముల చరిత్ర వ్రాయువాడు ఇట్టివి దాచరాదు కనుక వ్రాసితిని.

బోన్‌హాఫరును 1945 ఏప్రిల్ 9వ తేదీన ఫ్లాసెన్‌బర్గు శిబిరమున ఉరిదీసిరి. అచటికి కొనిపోవుటకు ముందు, తోడి ఖైదీయైన ఆంగ్లేయునితో ఆతడు చెప్పిపంపిన కడపటి సందేశము చిచెస్టర్ బిషప్పునకే. అది యుద్ధము ముగిసిన పిమ్మట ఆయనకు చేరెను. బెల్ 1958 జనవరిలో పీఠమును విడిచి, అక్టోబరు 3వ తేదీన కాంటర్‌బరీలో దేహము చాలించెను. ఆయన చితాభస్మము, ఒకనాడు రావలదని కోరిన ఆ చిచెస్టరు దేవాలయముననే ఉన్నది.