గబ్బిలం మోసిన మొర



రేపల్లెలో సాయంకాల ఆరాధన ముగించుకొని తెనాలికి తిరిగి వచ్చేటప్పుడు, పొద్దుగూకే వేళ గబ్బిలాలు చెట్లు విడిచి బయలుదేరడం చూస్తుంటాను. చూసిన ప్రతిసారీ గుర్రం జాషువ గారు గుర్తుకొస్తారు. చేతికి అందని దానికోసం మనిషి ఎందుకు అంతగా తపిస్తాడు? ఆ ప్రశ్నను జీవితమంతా మోసిన మనిషి ఆయన.

జాషువ గారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించారు. తండ్రి వీరయ్య గారు యాదవులు, తల్లి లింగమ్మ గారు మాదిగ. ఇంట్లో క్రైస్తవ విశ్వాసం ఉన్నా, ఊరి కళ్లకు అది అంటరాని ఇల్లే. బడిలో ఈసడింపులు పడుతూనే ఆయన అక్షరాలు నేర్చారు.

ఆ పిల్లవాడికి పద్యం మీద మనసు పోయింది. ఆ రోజుల్లో అలాంటి ఇంటి బిడ్డకు కావ్యాలూ సంస్కృతమూ ఆకాశంలో చుక్కల వంటివి. అయినా ఆయన జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి వద్ద కాళిదాసు మేఘసందేశం, రఘువంశం చదువుకున్నారు. అక్కడ ఒక తలుపు తెరుచుకుంది. మరోచోట మూసుకుంది. కొప్పరపు సోదర కవులు వినుకొండకు వచ్చినప్పుడు వారిని మెచ్చుకుంటూ పద్యాలు రాసుకొని వెళితే, ఇతణ్ణి సభలోకి ఎలా రానిచ్చారని కొందరు గోల చేశారు.

పొట్టకూటి కోసం ఆయన ఎన్నో పనులు చేశారు. మిషన్ బడిలో పంతులుగా ఉన్నారు. రాజమహేంద్రవరంలో మూకీ సినిమాలకు కథ చెప్పారు. గుంటూరులో లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పాఠాలు చెప్పారు. తరువాత మద్రాసు ఆకాశవాణిలో పనిచేశారు. ఎక్కడున్నా పద్యాన్ని మాత్రం విడువలేదు.

1941లో గబ్బిలం కావ్యం వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘంతో ప్రియురాలికి కబురు పంపాడు. జాషువ గారి కథానాయకుడు గుడి గడప తొక్కనివ్వని పేదవాడు. అతడు గబ్బిలంతో కాశీలోని శివునికి తన గోడు పంపాడు. గబ్బిలమే ఎందుకు? అది గర్భగుడిలోకి ఎగిరి వెళ్లినా అడ్డుపడేవారు లేరు. గబ్బిలానికి దొరికిన ప్రవేశం మనిషికి దొరకలేదు. పూజారి లేని వేళ చూసి దేవుని చెవిలో తన మాట చెప్పమని అతడు బతిమాలుకుంటాడు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఆ పేదవాడికి దేవుడు అందనంత దూరంలో ఉన్నాడా? లేదు. మధ్యలో తలుపు ఉంది, దాన్ని మూసిన మనుషులున్నారు. తనది కానిదానికోసం మనిషి అంతగా ఏడవడు. తప్పిపోయిన బిడ్డ పరాయి ఇంటికోసం కాదు, తన ఇంటికోసమే ఏడుస్తాడు. దేవుడు నరుని హృదయంలో నిత్యత్వాన్ని పెట్టాడని ప్రసంగి గ్రంథం నేర్పుతుంది. మన తపన మొదలయ్యేది అక్కడే.

అన్యుల తలుపుల గురించి మాట్లాడి మనం తప్పించుకోలేం. హిందూ పురాణ కథలతో కావ్యాలు రాస్తున్నాడని క్రైస్తవ సమాజం కూడా జాషువ గారిని వెలివేసింది. అటు గుడి రానివ్వలేదు, ఇటు మనమూ నిలబడనివ్వలేదు. చివరకు ఏ కులానికీ ఏ మతానికీ చెందని విశ్వనరుడినని ఆయన చెప్పుకున్నారు. ఆ మాటలోని నొప్పిలో మన పెద్దల వాటా ఉంది.

అయినా మనం వెలివేసిన ఆ చేతులతోనే ఆయన క్రీస్తు చరిత్ర రాశారు. దానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 1970లో పద్మభూషణ్ వచ్చింది. 1971 జూలై 24న గుంటూరులో ఆయన కన్నుమూశారు. సభలో నిలబడనివ్వని కుర్రవాడికి సభలన్నీ లేచి నిలబడ్డాయి. కానీ ఆయన అడిగింది బిరుదులు కాదు, మనిషిని మనిషిగా లోపలికి రానివ్వమని.

ప్రియులారా, తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో మన సంఘాలు చాలావరకు ఊరి బయట పల్లెల్లోనే పుట్టాయి. మన తాతలు అందని దేవుణ్ణి కోరుకున్నారు. ఆ దేవుడు వారి గుడిసెల్లోకి వచ్చాడు. సిలువ దగ్గర దేవాలయపు తెర పైనుంచి కిందకు చినిగింది. మరి చినిగిన ఆ తెరను మళ్లీ కుట్టడానికి మనం ఎవరం? ఈ గుడి ఒక పేటవారిది, ఆ గుడి మరో పేటవారిది అనే లెక్కలు మనలో పోయాయా? పెళ్లి సంబంధం దగ్గర, సమాధి స్థలం దగ్గర మనం ఏం అడుగుతున్నాం?

వచ్చే ఆదివారం గంట మోగినప్పుడు ఒక్కసారి గడప వైపు తిరిగి చూడండి. లోపలికి రావాలని ఉన్నా రాలేక బయట నిలబడినవారు ఉంటారు. వారి మొర మోయడానికి గబ్బిలం అవసరం రాకూడదు. మీరే లేచి వెళ్లి, చేయి పట్టుకొని లోపలికి తీసుకురండి. ప్రభువు మనకు అట్టి మనసు దయచేయును గాక. ఆమేన్.