థామస్ క్రాపర్
థామస్ క్రాపర్ (1836 - జనవరి 27, 1910) ఇంగ్లాండుకు చెందిన ప్లంబరు, పారిశుధ్య పరికరాల వ్యాపారి. యార్క్‌షైర్‌లోని థోర్న్‌లో జన్మించిన ఇతడు 1861లో లండన్‌లోని చెల్సీలో సొంత సంస్థను స్థాపించాడు.

ఫ్లష్ మరుగుదొడ్డిని కనిపెట్టినది ఇతడేనన్న ప్రచారం సరికాదు. అటువంటి దానిని జాన్ హారింగ్టన్ 1596లోనే వర్ణించాడు. అలెగ్జాండర్ కమ్మింగ్ 1775లో పేటెంటు పొందాడు. క్రాపర్ సంస్థ విక్రయించిన సైఫన్ తొట్టికి సైతం 1898లో పేటెంటు పొందినవాడు ఆల్బర్ట్ గిబ్లిన్.

గొలుసు లాగగానే ఈ తొట్టిలోని కొంత నీరు వంపు గొట్టం మీదుగా దిగుతూ మిగిలిన నీటిని తనవెంట లాగుకొనిపోతుంది. గొట్టంలోకి గాలి చేరగానే ప్రవాహం ఆగుతుంది. అడుగున కవాటం ఉండదు కనుక నీరు వృథాగా కారదు. తొట్టి తిరిగి నిండినప్పుడు తేలియాడే బంతి పైకి లేచి నీటి రాకను మూసివేస్తుంది.

మరుగుదొడ్డి పేరెత్తడానికే సంకోచించే కాలంలో, ఇటువంటి పరికరాలను మెరుగుపరచి, ప్రదర్శనశాలలో బహిరంగంగా ఉంచి ప్రాచుర్యం కల్పించడమే క్రాపర్ ఘనత.